ఉబుంటు అంటే సముదాయం మాటకు వ్యక్తి తలొగ్గడమేనా? కోర్టుల్లో, భూముల గొడవల్లో నేను చూసింది

ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్ర పీజీ) పరిశోధన కోసం ఉబుంటు అనే ఆఫ్రికా సముదాయ తత్త్వం చదువుతున్నానని రాశారు. 'మనం ఉన్నాం కాబట్టి నేను ఉన్నాను' అన్న మాట ప్రతిచోటా కనిపిస్తోంది గానీ అది చట్టంలో ఎక్కడ పనిచేస్తుందో అంతుబట్టడం లేదన్నారు. సముదాయానిదే పైచేయి అయితే వ్యక్తి హక్కులు ఏమవుతాయి, సుస్థిర అభివృద్ధికి దీనివల్ల ఒరిగేది ఏమైనా ఉందా, లేక సదస్సుల్లో చెప్పుకోవడానికేనా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెప్తాను. ఉబుంటు కోర్టుల్లో పనిచేస్తుంది. కానీ మీరు అనుకుంటున్న తీరులో కాదు. సముదాయం పెద్దది, వ్యక్తి చిన్నవాడు అని చెప్పే సూత్రం కాదది. బలమున్నవాడు బలం లేనివాడి ఎదుట కూర్చుని, అడిగి, విని, ఆ తర్వాతే అడుగు వెయ్యాలని చెప్పే సూత్రం. ఆ అర్థంలో పట్టుకున్నప్పుడు గొప్ప తీర్పులు వచ్చాయి. 'మావాళ్లందరూ ఒప్పుకున్నారు' అని ఒక్కడు అందరి తరఫునా చెప్పడానికి ఆ మాటను వాడుకున్నప్పుడు మాత్రం జనం నష్టపోయారు. కింద రాసేదంతా ఈ తేడా గురించే.

నేను దక్షిణాఫ్రికాలో ఒక లా కాలేజీలో తొమ్మిదేళ్లు పాఠాలు చెప్పాను. శనివారాలు అక్కడి ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో కూర్చునేదాన్ని. నార్త్ వెస్ట్ రాష్ట్రంలో ప్లాటినం గనుల చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే ఎక్కువగా వచ్చేవారు. ఇప్పుడు విశాఖలో పాఠాలు చెబుతున్నాను. కాబట్టి నాకు దగ్గరగా తెలిసింది దక్షిణాఫ్రికా, కొంత బోట్స్వానా. కెన్యా, టాంజానియా సంగతులు తీర్పులు చదివి, చర్చల్లో విని తెలుసుకున్నవి. 'ఆఫ్రికా ఇలా అంటుంది' అని ఒక ఖండం మొత్తాన్ని ఒక్క వాక్యంలో చుట్టెయ్యడం మీ పరిశోధనలో మాత్రం చెయ్యకండి.

ముందు ఆ మాట సంగతి. జూలూలో 'ఉముంటు న్గుముంటు న్గబంటు' అంటారు. త్స్వానాలో 'మోతో కే మోతో కా బాతో'. రెంటికీ ఒకటే అర్థం: మనిషి మనుషుల వల్లే మనిషి. షోనావాళ్లు 'హున్హు' అంటారు, స్వాహిలీలో 'ఉటు'. మీరు ఉటంకించిన 'మనం ఉన్నాం కాబట్టి నేను ఉన్నాను' అన్నది ఈ సామెతకు అనువాదం కాదు. కెన్యా పండితుడు జాన్ మ్బీటి 1969లో ఆఫ్రికా మతాల గురించి రాస్తూ కూర్చిన వాక్యం అది. ఆ వాక్యం చదివితే 'మనం' ముందు పుట్టినట్టు, 'నేను' దాని నీడ అయినట్టు అనిపిస్తుంది. సామెత అలా అనదు. మనిషి అనిపించుకోవడం ఎలాగో చెబుతుంది.

తెలుగువాళ్లకు ఇది అర్థం కావడం నిజానికి తేలిక. 'వాడూ ఒక మనిషేనా?' అంటాం. 'మనిషన్నవాడు చేసే పనేనా ఇది?' అంటాం. అంటే మన నోట్లో కూడా మనిషి అన్నది పుట్టుకతో వచ్చి ఊరుకునే పేరు కాదు, నడతతో నిలబెట్టుకునే పేరు. త్స్వానాలో కూడా తోటివాళ్ల పట్ల కర్కశంగా ఉన్నవాణ్ణి 'గా సె మోతో' అంటారు, వాడు మనిషి కాదు అని. అయితే మనకు ఇంకో అలవాటు ఉంది, జాగ్రత్త. 'నలుగురూ ఏమనుకుంటారో' అన్న భయాన్ని, 'నలుగురితో నారాయణ' అన్న సర్దుబాటును తీసుకెళ్లి ఉబుంటుకు అతికిస్తాం. మా తెలుగు విద్యార్థుల్లో సగం మంది మొదట చేసే పొరపాటు ఇదే. నలుగురికీ నచ్చినట్టు ఉండటం వేరు, ఎదుటివాడిలో మనిషిని చూడటం వేరు.

తత్త్వవేత్తల మధ్య కూడా తగువు ఇక్కడే. నైజీరియాకు చెందిన ఇఫెయాని మెంకిటి 1984లో వాదించింది ఏమిటంటే, సముదాయమే మనిషిని మనిషిగా తీరుస్తుంది, అందులో చేరి బాధ్యతలు మోస్తేనే మనిషితనం నిండుతుంది అని. ఘనాకు చెందిన క్వామే గ్యెకే దానికి అడ్డు చెప్పాడు. మనిషికి బంధుత్వాలతో పాటు బుద్ధి కూడా ఉంది, మంచిచెడ్డలు ఎంచుకునే శక్తి ఉంది, కాబట్టి సముదాయం అతణ్ణి పూర్తిగా నిర్ణయించలేదు అన్నాడు. మితమైన సముదాయవాదం అని దానికి పేరు. నేను గ్యెకే వైపే. కోర్టుల్లో నిలిచింది కూడా దాదాపు ఆ దారే.

ఇక తీర్పుల్లోకి వస్తాను.

1993 నాటి దక్షిణాఫ్రికా తాత్కాలిక రాజ్యాంగం చివర ఒక ముగింపు మాట ఉంది. పగ కాదు, అర్థం చేసుకోవడం కావాలి. ప్రతీకారం కాదు, నష్టపరిహారం కావాలి. వేధింపు కాదు, ఉబుంటు కావాలి. ఈ ధోరణిలో సాగుతుంది. 1996 నాటి శాశ్వత రాజ్యాంగంలో మాత్రం ఆ పదం కనిపించదు. అయినా బతికే ఉంది, ఎందుకంటే ఈ మధ్యలో 1995 జూన్ 6న మక్వాన్యానే తీర్పు వచ్చింది. ఉరిశిక్ష రాజ్యాంగ విరుద్ధమన్న తీర్పు అది. పదకొండుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా రద్దు చేశారు, ఎవరి అభిప్రాయం వాళ్లు విడిగా రాశారు. ఇవోన్ మొఖోరో, పయస్ లంగా, మరికొందరు ఉబుంటును ఆధారం చేసుకున్నారు. హంతకుడు కూడా మనిషే, వాణ్ణి చంపి రాజ్యం తన మనిషితనాన్ని తగ్గించుకోకూడదన్నది సారాంశం. ఆ రోజుకు ఉరి కోసం ఎదురుచూస్తున్నవాళ్లు 300 మందికి పైగా ఉన్నారు.

ఈ తీర్పులో చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. ఉరిశిక్ష ఉండాలనే జనంలో ఎక్కువమంది కోరుకుంటున్నారని దాన్ని సమర్థించిన అటార్నీ జనరల్ వాదించాడు. ప్రధాన తీర్పు రాసిన ఆర్థర్ చాస్కల్సన్ అది నిజమే అయి ఉండొచ్చని ఒప్పుకుంటూనే, జనాభిప్రాయం రాజ్యాంగానికి బదులు కాలేదన్నాడు. అంటే ఉబుంటు పేరుతో వచ్చిన మొట్టమొదటి పెద్ద తీర్పే మెజారిటీకి ఎదురు నిలిచింది. సముదాయ తత్త్వం వ్యక్తిని నలిపేస్తుందన్నవాళ్లకు నేను మొదట చూపించేది ఇదే. మీకు ఇంకో ఆసక్తి కూడా ఉంటుంది: మన సుప్రీంకోర్టు 1980లో ఇచ్చిన బచన్ సింగ్ తీర్పును చాస్కల్సన్ అందులో చర్చించి, ఆ దారిన వెళ్లకూడదని నిర్ణయించాడు. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవండి.

రెండోది 2004 నాటి పోర్ట్ ఎలిజబెత్ మునిసిపాలిటీ కేసు. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఒక ప్రైవేటు స్థలంలో 29 గుడిసెలు, 68 మంది మనుషులు, అందులో 23 మంది పిల్లలు. వాళ్లను ఖాళీ చేయించమని చుట్టుపక్కల 1,600 మంది సంతకాలు పెట్టారు. మునిసిపాలిటీ దావా వేసింది. వేరే బస్తీకి పొమ్మంటే, అక్కడ నేరాలెక్కువ, ఇరుకు, పైగా అక్కణ్ణుంచి కూడా మళ్లీ గెంటెయ్యరని నమ్మకమేమిటని గుడిసెలవాళ్లు అడిగారు. ఆల్బీ శాక్స్ రాసిన తీర్పు ఖాళీ చేయించడానికి ఒప్పుకోలేదు. వ్యక్తి హక్కులనూ సముదాయ తత్త్వాన్నీ ఉబుంటు కలిపి ఉంచుతుందని, అది రాజ్యాంగ వ్యవస్థ అంతటా వ్యాపించి ఉందని అందులో రాశాడు. నిజంగా పని చేసింది ఆ వాక్యం కాదు, దాని వెనకాల వచ్చిన నిర్ణయం: వీళ్లతో ముఖాముఖి కూర్చుని మాట్లాడకుండా, మధ్యవర్తిత్వానికి గట్టిగా ప్రయత్నించకుండా నేరుగా కోర్టుకు వచ్చి గెంటెయ్యమనడం సబబు కాదు. ఆ గుడిసెల్లో ఉన్నది ఆక్రమణదారులనే పేరు తగిలించుకున్న గుంపు కాదు, ఒక్కొక్కరూ మనుషులు.

మళ్లీ చూడండి. 1,600 సంతకాలు ఒక పక్క, 68 మంది ఒక పక్క. లెక్కే ప్రధానమైతే సముదాయం ఎటువైపు? ఉబుంటు నిలబడింది తక్కువమంది వైపు.

ఇక్కడి నుంచి మీ అసలు భయానికి వస్తాను, అది అక్కర్లేని భయం కాదు. సముదాయం పేరుతో మనుషులను, ముఖ్యంగా ఆడవాళ్లను అణచడం నేను చాలాసార్లు చూశాను.

బోట్స్వానాలో, త్స్వానా ఊళ్లలో 'ఖొట్ల' ఉంటుంది. మన రచ్చబండ లాంటిది. ఊరి పెద్ద దగ్గర అర్ధచంద్రాకారంలో పాతిన కొయ్యల కంచె, లోపల కూర్చునే చోటు. ఎవరైనా మాట్లాడొచ్చు, మాటకు అడ్డు తగలకూడదు. పెద్ద చివర్లో మాట్లాడతాడు, అందరూ అన్నది విని కుదుర్చి చెబుతాడు. 'ఖోసీ కే ఖోసీ కా బాతో' అని సామెత, జనం వల్లే పెద్ద పెద్ద అవుతాడని. పెద్ద యుద్ధం అంటే నోటితో చేసే యుద్ధమే అని ఇంకో సామెత కూడా ఉంది. వినడానికి ఎంత బాగుంది! కానీ ఆ ఖొట్లలో చాలాకాలం ఆడవాళ్లకు మాట్లాడే హక్కే లేదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు తల మీద గుడ్డ కప్పుకుని, పావడా కట్టుకుని వెళ్లాను, ప్యాంటుతో రానివ్వరు. మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లు నేల మీద చాపల్లో. నా పక్కనున్న పెద్దావిడ 'మ్మా, మేం ఇక్కడ వింటాం, ఇంటికెళ్లాక చెబుతాం' అంది. 'మ్మా' అంటే మన 'అమ్మా' లాంటి గౌరవ పిలుపు. ఇప్పుడు చాలాచోట్ల ఆడవాళ్లు లేచి మాట్లాడుతున్నారు, కొన్నిచోట్ల పెద్దలుగా కూడా ఉన్నారు. అది దానంతట అది రాలేదు.

2004లోనే వచ్చిన భే తీర్పు చదివితే ఇది బాగా తెలుస్తుంది. కేప్‌టౌన్ దగ్గర ఖయెలిచాలో ఒక వ్యక్తి చనిపోయాడు. భార్యలా కలిసి బతికినామె, ఇద్దరు చిన్న ఆడపిల్లలు మిగిలారు. ఆచార చట్టం ప్రకారం వారసత్వం పెద్ద మగవాడిది, కాబట్టి ఇల్లు తనదని మృతుడి తండ్రి వచ్చాడు. అమ్మి అంత్యక్రియల ఖర్చు తీర్చుకుంటానన్నాడు. కోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. లంగా రాసిన తర్కం మీరు పట్టుకోవాలి. పాతకాలంలో వారసుడు ఆస్తితో పాటు కుటుంబం మొత్తం బరువు తలకెత్తుకునేవాడు, వితంతువును పిల్లలను సాకేవాడు. ఉమ్మడి బతుకు చెదిరాక ఆస్తి మాత్రం అతని చేతికొస్తోంది, బాధ్యత రావడం లేదు. బాధ్యత తెగిపోయిన చోట 'ఇది మా సంప్రదాయం' అన్న వాదనలో ఉబుంటు మిగలదు. మా కేంద్రానికి ఇలాంటి వితంతువులు ఎంతమంది వచ్చారో. బావగార్లు 'కుటుంబమంతా కూర్చుని నిర్ణయించాం' అని కాగితం చూపించేవారు. 'ఆ కూర్చున్నవాళ్లలో మీరు ఉన్నారా?' అని అడిగితే ఆమె తల అడ్డంగా ఊపేది. 'ఆ పూట నేను వంటింట్లో ఉన్నాను, వచ్చినవాళ్లందరికీ వండింది నేనే' అని ఒకామె చెప్పింది.

సముదాయం తనను తాను మార్చుకున్న కేసు కూడా చదవండి, లేకపోతే బొమ్మ ఒక పక్కకే ఒరుగుతుంది. 2008 షిలుబానా తీర్పు. లింపోపో రాష్ట్రంలో వలోయి సముదాయం ఒక స్త్రీని 'హోసి'గా, అంటే తమ పెద్దగా ఎంచుకుంది. ఆచారం ఒప్పదని ఆమె బంధువు కోర్టుకెక్కాడు. తమ ఆచారాన్ని కాలానికి తగ్గట్టు మార్చుకునే హక్కు సముదాయానికే ఉందని రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. ఆచారం రాతి మీద గీత కాదు, జనం నడిచే దారి. అది కోర్టు చెప్పకముందే అక్కడి జనానికి తెలుసు.

శిక్షల విషయంలో ఒక్క అనుభవం చెప్తాను. 2008లో చేసిన బాలల న్యాయ చట్టం తన లక్ష్యాల్లోనే ఉబుంటును పేర్కొంటుంది. బాలుడి కుటుంబం, బాధితులు, సంఘం కలిసి కూర్చునే పద్ధతి అందులో ఉంది. పద్నాలుగేళ్ల కుర్రాడొకడు వాళ్ల వీధిలోని చిన్న కిరాణా కొట్టు తాళం పగలగొట్టి సిగరెట్లు, మొబైల్ రీచార్జి కార్డులు ఎత్తుకుపోయాడు. ఆ కొట్టు ఒక ముసలామెది. సమావేశంలో ఆమె డబ్బు గురించి అడగలేదు. 'నీకు ఆకలైన రోజు నేను రొట్టె అప్పుగా ఇచ్చాను, గుర్తుందా?' అంది. కుర్రాడు అప్పటిదాకా బింకంగా ఉన్నవాడు అక్కడ ఏడ్చాడు. నాలుగు నెలలు శనివారాల్లో ఆమె కొట్టుకు సరుకు మోశాడు. అదే వాణ్ణి జైలుకు పంపితే? ఆ ప్రశ్న వేసుకోవడానికి కూడా నాకు మనసొప్పదు. అయితే ఇది సాగడానికి ఒక కారణం ఉంది, ముసలామె తన ఇష్టంతో వచ్చింది. అత్యాచారం కేసుల్లో 'ఇరు కుటుంబాలూ కూర్చుని ఆవులిచ్చి సర్దుకున్నాం' అని వచ్చినవాళ్లను కూడా చూశాను. అందులో ఆ అమ్మాయిని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. దాన్ని పునరుద్ధరణ న్యాయం, అంటే తెగిన బంధాన్ని మళ్లీ కలిపే న్యాయం అని పిలవడానికి నేను ఒప్పుకోను.

వర్ణవివక్ష కాలపు దారుణాలను విచారించిన సత్య సయోధ్య సంఘం గురించి మీరు ఎలాగూ రాస్తారు. దాన్ని ఏర్పాటు చేసిన 1995 చట్టం కూడా ఉబుంటునే చెబుతుంది. నిజం ఒప్పుకున్న నేరస్థులకు ఇచ్చే క్షమాభిక్షను, పోలీసు నిర్బంధంలో చనిపోయిన ఉద్యమకారుడు స్టీవ్ బీకో కుటుంబం, మరికొన్ని కుటుంబాలు 1996లో కోర్టులో సవాలు చేసి ఓడిపోయాయి. బాధితులుగా గుర్తించినవాళ్లకు 2003 తర్వాత ఒక్కసారి ఇచ్చింది తలా 30,000 ర్యాండ్లు. క్షమించమని బాధితుణ్ణి అడగడం తేలిక, పరిహారం ఇమ్మని రాజ్యాన్ని ఒప్పించడం కష్టం. రాజ్యాంగం చివరి మాటల్లో పరిహారం కూడా ఉందన్నది ఆ తర్వాత అందరూ మరిచారు.

ఇప్పుడు అభివృద్ధి. ఇక్కడే కాస్త ఎక్కువసేపు ఆగాలి.

1981లో నైరోబీలో ఆమోదించి, 1986 నుంచి అమల్లో ఉన్న ఆఫ్రికా మానవ, ప్రజల హక్కుల చార్టర్ చదవండి. పేరులోనే 'ప్రజల' అన్న బహువచనం ఉంది. వ్యక్తి హక్కులు ఉన్నాయి. వాటితో పాటు 21వ అధికరణంలో సహజ సంపద మీద ప్రజల హక్కు, 22లో అభివృద్ధి హక్కు, 24లో తమ అభివృద్ధికి అనువైన మంచి పర్యావరణం మీద హక్కు ఉన్నాయి. 27 నుంచి 29 దాకా వ్యక్తి బాధ్యతలు. అభివృద్ధిని హక్కు అని 1972లోనే గట్టిగా వాదించిన సెనెగల్ న్యాయమూర్తి కేబా మ్బాయే ఈ చార్టర్ రూపకల్పనలో ముఖ్యుడు. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి హక్కు ప్రకటన చేసింది 1986లో.

కాగితం మీది ఆ 22వ అధికరణానికి ప్రాణం పోసింది ఎండొరోయిస్ కేసు. కెన్యాలో బొగోరియా సరస్సు చుట్టూ పశువులు మేపుకుని బతికేవాళ్లు ఎండొరోయిస్‌లు. ఆ ఒడ్డున ఉప్పు నేలలు ఉన్నాయి, పశువులు అక్కడ నాకి ఆరోగ్యంగా ఉండేవి. పూజలు, పండగలు, పూర్వీకుల సమాధులు అక్కడే. 1970లలో వన్యప్రాణి అభయారణ్యం పేరుతో వాళ్లను తరిమేశారు. పర్యాటకులు రాజహంసలను, వేడినీటి బుగ్గలను చూసి వెళ్తున్నారు, వీళ్ల పశువులు రాళ్ల నేలల్లో చచ్చిపోయాయి. ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ 2009లో నిర్ణయం చేసి, 2010లో వెల్లడించింది. ఆస్తి, సంస్కృతి, మతం, సహజ సంపద హక్కులతో పాటు అభివృద్ధి హక్కు కూడా ఉల్లంఘించారని చెప్పింది. అభివృద్ధి హక్కు విషయంలో చాలా ముఖ్యమైన నిర్ణయం అది.

అందులో కమిషన్ చెప్పిన కీలకం: అభివృద్ధి అంటే ప్రభుత్వం ఎవరికో ఇళ్లు కట్టి ఇవ్వడం కాదు, తాము ఎక్కడ, ఎలా బతకాలో ఎంచుకునే శక్తి జనానికి ఉండటం. అడగకుండా చేసిన మేలు కూడా ఉల్లంఘనే. మీరు వెతుకుతున్న సుస్థిర అభివృద్ధి లంకె ఇక్కడుంది. చాలామంది ఉబుంటును పర్యావరణంతో కలపడానికి 'ప్రకృతి కూడా మన కుటుంబమే' అని రాస్తారు. తప్పు కాదు గానీ, దాంతో కోర్టులో ఏదీ కదలదు. కదిలించేది ఏమిటంటే, సరస్సు మీద తరతరాలుగా ఆధారపడ్డవాళ్లకు అది పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో పట్టింపు ఉంటుంది, వాళ్లను అడిగి తీరాలి. పూర్వీకులు, బతికున్నవాళ్లు, పుట్టబోయేవాళ్లు ముగ్గురూ సముదాయమే అన్న భావన అక్కడి పెద్దల నోట ఊరికే వచ్చే మాట కాదు. భూమి అమ్మాలా వద్దా అన్న చర్చలో 'ఇంకా పుట్టనివాళ్లు ఇక్కడ లేరు, వాళ్ల తరఫున ఎవరు మాట్లాడతారు?' అని ఒక తాత అడగడం నేను విన్నాను.

ఇక గనుల సంగతి. మా కేంద్రానికి ఒక ఊరి రైతులు వచ్చారు. తమ పొలాల్లో గని రాబోతోందని తెలిసింది, కంపెనీవాళ్లు 'ఊరి సమ్మతి ఉంది' అంటున్నారు. ఆ సమ్మతి పత్రం తెప్పించి చూశాం. ఒక పనిరోజు మధ్యాహ్నం భోజనాలు పెట్టి నిర్వహించిన సమావేశానికి హాజరు పట్టీ అది. వచ్చినవాళ్లు లోపలికి వెళ్తూ పెట్టిన సంతకాలు. వాటినే ఒప్పుకోలుగా జతచేశారు. పట్టీలో సగం మంది ఆ పొలాలతో సంబంధం లేనివాళ్లు. మీద ముద్ర వేసింది మాత్రం ఆ సముదాయం తరఫున మాట్లాడే అధికారం తమదేనన్న పెద్దలు. ఆ పెద్దలు కూడా ఉబుంటు మాటే ఎత్తారు, అందరి మేలు కోసం కొందరు సర్దుకోవాలని.

ఇలాంటిదే పైకోర్టు దాకా వెళ్లి తేలింది 2018 మలెడు కేసులో. పిలానెస్‌బర్గ్ దగ్గర లెసెట్ల్‌హెంగ్ ఊరివాళ్ల పూర్వీకులు 13 కుటుంబాలుగా 1919లో డబ్బులు పోగేసి ఒక పొలం కొన్నారు. నల్లవాళ్ల పేరు మీద నమోదు కుదరదని దాన్ని మంత్రి పేరున, మొత్తం బఖట్ల తెగ కోసం అన్నట్టు రాశారు. ఆ రాతను పట్టుకుని తొంభై ఏళ్ల తర్వాత తెగ పెద్దలు ప్లాటినం కంపెనీతో కౌలు ఒప్పందం చేసుకున్నారు, దున్నుకుంటున్నవాళ్లను ఖాళీ చెయ్యమన్నారు. హైకోర్టు కూడా వెళ్లగొట్టమంది. రాజ్యాంగ న్యాయస్థానం తిప్పికొట్టింది. 1996 నాటి అనధికార భూహక్కుల రక్షణ చట్టం ప్రకారం అడగాల్సింది తెగ మొత్తాన్ని కాదు, ఆ భూమి పోతే నష్టపోయేవాళ్లను. 'సముదాయం' అన్న మాట వినగానే, ఏ సముదాయం, ఎవరి నోటితో మాట్లాడుతోంది అని అడగండి. మీ పరిశోధనలో ఈ ఒక్క ప్రశ్న వదలకుండా పట్టుకుంటే చాలు.

అదే సంవత్సరం నవంబరులో ప్రిటోరియా హైకోర్టు షొలొబెని తీర్పు ఇచ్చింది. ఈస్టర్న్ కేప్ తీరంలో ఇసుక దిబ్బల కింద టైటానియం ఉంది. ఉమ్గుంగుండ్లొవు జనం మొక్కజొన్న, చిలగడదుంప పండించుకుంటూ, పశువులు మేపుకుంటూ తవ్వొద్దని ఏళ్ల తరబడి నిలబడ్డారు. వాళ్ల కమిటీ అధ్యక్షుణ్ణి 2016 మార్చిలో ఇంటి ముందే కాల్చి చంపారు. సంప్రదిస్తే సరిపోదు, వివరాలన్నీ తెలిసిన పూర్తి సమ్మతి ముందే తీసుకోవాలని కోర్టు చెప్పింది. సంప్రదించడం, సమ్మతి తీసుకోవడం ఒకటి కావు. మొదటిదాంట్లో మీరు 'వద్దు' అన్నా పని ఆగదు.

మనవాళ్లకు ఇది ఎక్కడో విన్నట్టు ఉండాలి. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి ప్రాంతం గనుల లీజుల మీద 1997లో వచ్చిన సమత తీర్పు, 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల మీద గని తవ్వకాన్ని పన్నెండు గ్రామసభలూ వద్దన్న ఘట్టం ఇదే ప్రశ్నకు మన జవాబులు. నియమగిరిలో డోంగ్రియా కోందులు మాట్లాడే భాష తెలుగుకు చుట్టమే. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. సమత తీర్పు నిలబడింది షెడ్యూల్డు ప్రాంతంలో భూబదిలీ నిషేధం మీద, షొలొబెని నిలబడింది ఆచారం ప్రకారం నిర్ణయించుకునే హక్కు మీద. ఫలితం దగ్గరగా ఉన్నా దారులు వేరు.

సముదాయ తత్త్వాన్ని ప్రభుత్వం చేతిలో పెడితే ఏమవుతుందో టాంజానియా చూపించింది. ఆ దేశపు మొదటి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే అంటే నాకు గౌరవం ఉంది. 1967 అరూషా ప్రకటనతో 'ఉజమా', అంటే కుటుంబతత్త్వం, దేశ విధానమైంది. మొదట ఇష్టమున్నవాళ్లు కలిసి ఊళ్లు కట్టుకోవాలన్నారు. 1973 తర్వాత అది ఆజ్ఞ అయింది. లక్షల మందిని లారీల్లో ఎక్కించి కొత్త ఊళ్లకు తరలించారు, కొన్నిచోట్ల తిరిగి రాకుండా పాత ఇళ్లు తగలబెట్టారు. ఏ పొలంలో ఎప్పుడు వాన నిలుస్తుందో తెలిసిన రైతులను తెలియని నేలలో పడేశారు. పంట పడిపోయింది. కుటుంబంలా ఉండమని తుపాకీ చూపి చెప్పడం కుదరదు.

దానికి పక్కన జింబాబ్వేలోని 'జుండే రమాంబో' పెట్టి చూడండి. ఊరి పెద్ద కొంత పొలం విడిగా ఉంచుతాడు, అందరూ వంతులవారీగా దున్ని, విత్తి, కోస్తారు. ధాన్యం పెద్ద గాదెలోకి పోతుంది. కరువొచ్చినప్పుడు, ఇంట్లో మగదిక్కు పోయినప్పుడు, అనాథ పిల్లలకు ఆ గాదె తెరుస్తారు. చిన్నది, చుట్టుపక్కల ఊళ్లు దాటి పోదు. అందరికీ తెలిసిన మొహాలు కాబట్టి సాగుతుంది. పెద్ద ఆ ధాన్యం తన బంధువులకే పంచడం మొదలుపెడితే మరుసటి ఏడు దున్నడానికి జనం రారు. రాకపోవడమే వాళ్ల తీర్పు.

మీరు అడగకపోయినా, పరిశోధన ఎలా కట్టాలో నాకు తోచింది చెప్తాను. ఉబుంటు నిర్వచనంతో మొదలుపెట్టకండి. మొదటి అధ్యాయంలోనే పోర్ట్ ఎలిజబెత్, మలెడు పక్కపక్కన పెట్టండి. మొదటిదాంట్లో సముదాయం పేరుతో గెంటాలనుకున్నది పొరుగువాళ్లు, రెండోదాంట్లో సొంత తెగ పెద్దలు. తత్త్వవేత్తల తగువు ఆ తర్వాత వస్తే దానికి ఒక ఒరిపిడి రాయి దొరుకుతుంది. భే తీర్పులో న్యాయమూర్తి న్గ్కోబో రాసిన భిన్నాభిప్రాయం వదలొద్దు. ఆచారాన్ని కొట్టెయ్యడానికి బదులు దాన్ని పెంపొందించాలని ఆయన రాశాడు, నేను దాంతో ఏకీభవించను గానీ బలమైన వాదన.

ఇంకో అధ్యాయం అమలు మీద ఉండాలి. ఎండొరోయిస్ నిర్ణయం వచ్చి ఇన్నేళ్లయినా ఆ భూమి వాళ్ల చేతికి రాలేదు. కెన్యాలోనే మావు అడవిలోని ఒగియెక్ జనం ఆఫ్రికా కోర్టులో 2017లో గెలిచారు. 2022లో పరిహారం కింద ఆస్తి నష్టానికి 5.785 కోట్లు, మానసిక క్షోభకు 10 కోట్లు కెన్యా షిల్లింగులు ఇవ్వమని, భూమి వాళ్ల పేరున రాయమని కోర్టు ఆదేశించింది. 2023 నవంబరులో అదే అడవిలో మళ్లీ వాళ్ల ఇళ్లు కూల్చారు. తీర్పు కాపీ చేతిలో ఉండగానే.